దువార్: తిరిగేది తలా, కళ్లా?

తెలుగులో "కళ్లు తిరుగుతున్నాయి" అంటాం. మన ఇళ్లలో "చక్కర్" అంటాం. హకీముల కితాబుల్లో దీని పేరు దువార్. దౌర్, అంటే తిరగడం, అందులోంచి వచ్చిన మాట. మూడింటిలో తెలుగు మాటే హకీకత్‌కి దగ్గరని నా ఖయాల్. ఎందుకో చెప్తాను.

ఇబ్నె సీనా (980–1037) 'అల్ ఖానూన్' మూడో కితాబులో దువార్‌నీ సదర్‌నీ వేరు చేశారు. చుట్టూ ఉన్నవన్నీ తిరుగుతున్నట్టుండి మనిషి నిలవలేకపోతే దువార్. లేచి నిలబడగానే కళ్ల ముందు అంధేరా కమ్మితే సదర్. వెయ్యేళ్ల కిందటి ఈ ఫరక్ ఇవాళ ఉద్దానానికి కావాలి. అక్కడ కిడ్నీ బీమారీతో డయాలసిస్‌కి వెళ్లొచ్చేవాళ్లు ఎందరో. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి చీకట్లు కమ్మడం వాళ్లకి మామూలు. అది సదర్. దానికి అలవాటుపడ్డ ఇంట్లో అసలు దువార్ వచ్చినా "కాసేపు పడుకోండి అబ్బా, తగ్గిపోతుంది" అనేస్తారు. ఖతరా అక్కడే, ఎందుకంటే కిడ్నీ చెడినవాళ్లకి ఫాలిజ్ ముప్పు ఇతరులకన్నా ఎక్కువ.

ఫాలిజ్ అంటే చెయ్యీ కాలూ పడిపోవడమే అనుకుంటాం. చిన్నమెదడుకి రక్తం ఆగితే చెయ్యి బలంగానే ఉండొచ్చు, మూతి వంకర పోకపోవచ్చు. హఠాత్తుగా లోకం గిర్రున తిరుగుతుంది. వాంతులు. ఆసరా లేకుండా కూర్చోలేరు. కనుగుడ్లు వాటంతటవే కొట్టుకుంటాయి. నిజంగానే కళ్లు తిరుగుతాయి!

ఆ కదలికని చదివే ఇల్మ్‌కి పునాది వేసినవారిలో వియన్నా చెవి డాక్టరు రాబర్ట్ బరానీ ఒకరు. చెవిలో చల్లనీళ్లు పోస్తే కళ్లు ఒకవైపు, వేడినీళ్లు పోస్తే రెండోవైపు కొట్టుకోవడం ఆయన గమనించారు. 1914 నోబెల్ ఆయనకే వచ్చింది. ఆ ఖబర్ అందేసరికి ఆయన రష్యావాళ్ల ఖైదులో ఉన్నారు, అదీ మర్వ్‌లో! ఒకప్పుడు కితాబ్‌ఖానాలకి పేరుమోసిన మన మర్వే.

2009లో అమెరికాలో కట్టా, న్యూమన్-టోకర్ బృందం 101 మంది దువార్ రోగుల కళ్లు చూసింది. తల చటుక్కున తిప్పితే చూపు నిలుస్తుందా, పక్కకి చూసినప్పుడు కొట్టుకునే దిశ మారుతుందా, రెండు కళ్లూ ఎగుడుదిగుడుగా ఉన్నాయా? ఈ మూడూ కలిపి చూస్తే ఒక్క ఫాలిజూ తప్పిపోలేదు. మొదటి ఎమ్మారై మాత్రం కొందరిలో తప్పింది. విచిత్రమేమంటే, దువార్ ఆగకుండా ఉన్నప్పుడు చూపు నిలిచిందంటే అది మెదడు వైపు ఇషారా. జారితే చాలావరకు చెవి. ఇది నేర్చిన డాక్టరు పని. ఇంట్లో మెడలు తిప్పకండి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. టెక్కలిలో సర్కారీ దవాఖానా ఉంది. విశాఖ మాత్రం పలాస నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి వక్త్ నాలుగున్నర గంటలే. పైత్యమనో, నజర్ తగిలిందనో కూర్చోకుండా 108కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకి మొదలైందో చెప్పండి. చిన్నమెదడు వాస్తే ఒకట్రెండు రోజుల్లో స్పృహ పోవచ్చు. మొదటి సీటీ సాఫ్‌గా ఉందన్నా, నడవలేని మనిషిని ఇంటికి తెచ్చేయకండి.