కెనడా సెంటు నాణెములు – అచ్చుభేదములు, అచ్చుదశలు

చరిత్రసాధనములలో నాణెము శాసనముతో సమానమని పండితులు చెప్పుదురు. రాజు పేరు, బిరుదము, సంవత్సరము దానిపై నుండుటయే యిందులకుఁ గారణము. కాని నాణెముపైనున్న యక్షరములు చెప్పునది యొకటి. ఆ యక్షరములను ముద్రించిన యచ్చు చెప్పునది మఱియొకటి. ఈ రెండవ సాక్ష్యమును జదువు విధానమునకుఁ గెనడా దేశపు ప్రాఁత సెంటు నాణెములు చక్కని యుదాహరణములు. సెంటనఁగా డాలరులో నూఱవపాలు. ఇంత స్వల్పమైన నాణెమును సేకరించువారిలోఁ గొందఱు సంవత్సరమున కొక్కదానితోఁ దృప్తినొందక, ఒక్కొక్క యచ్చునకును, ఆ యచ్చు పొందిన యొక్కొక్క దశకును వేఱువేఱు నాణెములను గూర్చుచుందురు. ఇది వట్టి వేడుకయా, లేక చరిత్రకుఁ బనికివచ్చు పరిశ్రమమా యని విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

అప్పటి కెనడా రాష్ట్రము 1858లో దశాంశపద్ధతి నాణెములను బ్రవేశపెట్టెను. ఆ దేశమునఁ గమ్మటము లేనందున నవి లండనులోని రాచకమ్మటమున ముద్రింపఁబడినవి. విక్టోరియా రాణి ముఖమును జెక్కినవాఁడు లియొనార్డు చార్లెస్ వయొన్. వెనుకవైపునఁ దీఁగెకుఁ బదునాఱు మేపుల్ ఆకులు గలవు. లోహము కాంస్యము, నూటికి 95 పాళ్లు రాగి, 4 పాళ్లు తగరము, 1 పాలు తుత్తునాగము. అడ్డుకొలత యొక యంగుళము. నూఱు నాణెములు పౌను బరువు. 1858 సంవత్సరాంకముతో 4,21,000, 1859 సంవత్సరాంకముతో 95,79,000, వెరసి కోటి నాణెములు లెక్కలోఁ గనఁబడుచున్నవి. ఇవి మిగులఁ దేలికగా నున్నవని జనులు వీనిని మెచ్చలేదు. ఈ రాశి చెల్లుటకుఁ బెక్కేండ్లు పట్టెను. మరల 1876లోఁ గాని సెంట్లు ముద్రింపఁబడలేదు. బర్మింగుహాములోని హీటన్ కమ్మటమువారు ముద్రించిన యా నాణెములపై హెచ్ అను నక్షరము గుర్తుగా నున్నది. అవి పౌనుకు 80 మాత్రమే తూఁగును.

ఒక్క యచ్చుతో నిన్ని నాణెములు పుట్టనేరవు. అచ్చు ఉక్కుతోఁ జేసినదైనను దెబ్బదెబ్బకు నరుగును, పగులును. కావునఁ దల్లియచ్చునుండి పెక్కు పనియచ్చులు దీయుదురు. విక్టోరియా కాలమునఁ బనియచ్చులలో సంవత్సరముయొక్క తుది యంకెను బనివాఁడు ముద్దరతోఁ జేతఁ గొట్టుచుండెను. చేతిపని యున్నచోట భేదము తప్పదు. ఇట్లు వేఱువేఱచ్చుల నిర్మాణమునఁ గలుగు భేదమును అచ్చుభేదమందుము. 1859 నాణెములలోఁ గొన్నిటిపైఁ దొమ్మిది యంకె సన్నముగను, గొన్నిటిపై వెడల్పుగను నున్నది. సన్నని యంకె రెండుమాఱులు కొట్టఁబడిన నాణెములును గలవు. వెడల్పైన తొమ్మిది క్రింద నెనిమిది యంకె జాడ కనఁబడుచున్నది. అనఁగా 1858కై సిద్ధపఱచిన యచ్చులను బాఱవేయక మఱుసటి సంవత్సరమునకు దిద్దుకొనిరన్నమాట. వ్యాకరణమున నాదేశము వచ్చినచో స్థాని కనఁబడదు. ఇచట నాదేశమైన తొమ్మిది క్రింద స్థానియైన యెనిమిది దాఁగియు దాఁగక యున్నది. 1891 సెంట్లలో సంవత్సరపుటంకెల పరిమాణమును బట్టియు, ఆకుల పరిమాణమును బట్టియు భేదము లేర్పడినవి.

ఇట్టి దిద్దుబాటునకును నాణెముపై నాణెము ముద్రించుటకును భేదము గలదు. 1906లో నాసిక మండలమునందలి జోగల్తెంబిలో దొరకిన నిధిలో 13,000లకుఁ బైగా వెండినాణెము లున్నవి. వానిలో నధికభాగము నహపానుని నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల వేయించినవి. అచట మార్పు ప్రతినాణెమునందును వేఱుగా జరిగినది. 1859 సెంటులో మార్పు అచ్చునందే జరిగినది. ఆ యచ్చునఁ బుట్టిన నాణెములన్నియు నా జాడను సమానముగా వహించినవి.

ఇఁక దశ యనఁగా నేమి? ఒకే యచ్చు క్రొత్తగా నున్నపు డొకరీతిగను, అరిగినపు డింకొకరీతిగను, పగిలినపు డింకొకరీతిగను ముద్రించును. వ్యక్తి యొక్కఁడే, బాల్య యౌవన వార్ధకములు వేఱు. అచ్చునందు లోఁతైనది నాణెముపై నెత్తుగఁ దేలును. కనుక నచ్చు పగిలినచో నాణెముపై మెఱకగీఁత యేర్పడును. గీఁత నాణెముపైఁ బల్లముగా నున్నచో నది తరువాత నెవరిచేతిలోనో తగిలిన గాయము. అచ్చునకు దానితో సంబంధము లేదు. బిళ్ల పెట్టకయే యంత్రము నడచినచో మీఁది యచ్చును గ్రింది యచ్చును దాఁకి, యొకదాని రూపము రెండవదానిపైఁ బడును. ఆ మచ్చను బోఁగొట్టుటకు బనివాఁడు అచ్చును సానపట్టును. ఈ చిహ్నములన్నియు నచ్చుయొక్క జీవితచరిత్రలో నధ్యాయములు.

దీనివలనఁ గలుగు ప్రయోజన మొక యుదాహరణముచే స్పష్టమగును. క, చ, త యను మూఁడు నాణెములకు ముఖపుటచ్చు ఒక్కటియే యనుకొందము. కకారమునఁ బగులు లేదు. చకారమునఁ జిన్న పగులు. తకారమున నది యంచువఱకుఁ బెరిగినది. పగిలిన యుక్కు తనంతఁ దానతుకుకొనదు. కావున క, చ, త యనునదియే ముద్రణక్రమము. ఇపుడు క, చ లకు వెనుకవైపు అచ్చు ఒకటియు, తకారమునకు వేఱొకటియు నున్నచో, ఆ ముఖపుటచ్చునకు రెండవ వెనుకయచ్చు తరువాత జతపడినదని సిద్ధించును. ఏ కమ్మటపు లెక్కలలోను లేని పౌర్వాపర్యము మూఁడు రాగిబిళ్లలచే నిర్ణీతమైనది.

అయినను బ్రతియుత్సర్గమున కపవాదము గలదు. తాఁకుడు మచ్చ సానచేఁ బోవును గనుక, మచ్చలేని నాణెము ముందుదని చెప్పరాదు. సానగీఁతలను గూడఁ జూడవలయును. మఱియు నొకే నాణెముపైఁ గనఁబడిన వింత అచ్చుభేదము కాదు. దెబ్బపడునపుడు బిళ్ల కదలుటచేతను అక్షరములు రెండుగాఁ గనఁబడవచ్చును. అదే లక్షణము రెండవ నాణెమునందును, అదే స్థానమునఁ గనఁబడినపుడే దానిని అచ్చున కారోపింపఁదగును. తాళపత్రప్రతులలోఁ బాఠభేదముల నిర్ణయించువారికి నీ న్యాయము పరిచితమే. కాని లేఖకుఁడు తనకు దోఁచినట్లు తప్పును దిద్దఁగలఁడు. అచ్చునకుఁ బాండిత్యము లేదు. దాని తప్పు నది దాఁచనేరదు. అందువలన నీ సాక్ష్యము మఱింత బలవత్తరము.

నాణెముపైనున్న సంవత్సరమే ముద్రణకాలమని నమ్మువారికి రెండు సెంట్లు చాలును. 1936 డిసెంబరులో నెనిమిదవ ఎడ్వర్డు రాజ్యమును విడిచెను. ఆఱవ జార్జి ముఖముగల యచ్చులు సకాలమున రానందున, 1908లో నెలకొన్న ఒట్టావా కమ్మటమువారు 1937లోను 1936 అచ్చులనే వాడి, సంవత్సరము క్రిందఁ జిన్న చుక్కను జేర్చిరి. ఆ చుక్క సెంట్లు మూఁడు మాత్రమే తెలియవచ్చినవి. రెండవది మనకు సంబంధించినది. 1911 నుండి కెనడా నాణెములపై "ఇండియా చక్రవర్తి" యను నర్థముగల లాటిను సంక్షేపము ముద్రింపఁబడుచుండెను. 1947లో భారతదేశము స్వతంత్రమైనందున నా బిరుదము దొలఁగింపవలసి వచ్చెను. క్రొత్తయచ్చులు వచ్చువఱకు 1948లో 1947 అంకముతోనే నాణెములు ముద్రించి, యంకె ప్రక్కఁ జిన్న మేపుల్ ఆకును జేర్చిరి. ఈ యాకు నాణెములలో నేడు అంకె తుది మొద్దుగా నున్నవియు, మొనదేలి యున్నవియు నను భేదము గూడఁ గలదు. బిరుదమును జదివినవాఁడును, సంవత్సరమును జదివినవాఁడును భ్రమపడును. ఆకును జూచినవాఁడే సత్యమును దెలిసికొనును.

సెంటు ముద్రణము 2012 మే 4వ తేదీన ముగిసెను. 2013 ఫిబ్రవరి 4 నుండి వాని పంపిణీయు నిలిచిపోయెను. ఇఁకఁ బుట్టునవి లేవు. ఉన్నవానిని గాపాడుకొనుటయే మిగిలినది. రాగిచెంబును దోమినట్లు చింతపండుతో నాణెమును దోమినచో మెఱుపు వచ్చును గాని, సన్నని పగులు, సానగీఁత, అడుగంకె జాడ చెడిపోవును. ప్రాఁతప్రతిని శుద్ధిచేయుచున్నానని పాఠభేదములఁ గొట్టివేసిన లేఖకుని పని యదియే. మనదేశపు నాణెములను బరిశీలించు విద్యార్థులును రాజనామముతోఁ దనివినొందక, అచ్చును, దాని దశను గూడ వ్రాసికొనుట యలవఱచుకొందురు గాక.