సైకిలు తొక్కేవాడికి బొగ్గు ఏది?

బిలాస్‌పూర్ మీదుగా నాగపూర్-ఆసన్‌సోల్ మార్గంలో గూడ్సుబండ్లు నడవడం మొదలైంది 1891లో. ఆ బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకే తెలుగువాళ్ళెందరో ఆ ఊరు చేరారు. అదే ఏడాది ఫ్రాన్సులో పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్ళిరావడానికి 1200 కిలోమీటర్ల సైకిలు పందెం జరిగింది. షార్ల్ టెరోఁ 71 గంటలకు పైగా తొక్కి గెలిచాడు. ఇంజనుకు బొగ్గుంది, సరే. మరి అతని కాళ్ళకు?

కండ పనిచేసేటప్పుడు మాంసకృత్తులే ఖర్చవుతాయని జర్మన్ రసాయనవేత్త లీబిగ్ చెప్పాడు. అంటే మాంసం కొనలేని కూలివాడికి సత్తువే ఉండదన్నమాట! 1865లో ఫిక్, విస్లిసెనస్ అనే ఇద్దరు ముందురోజు మధ్యాహ్నం నుంచే మాంసకృత్తులు మానేసి, పిండి, కొవ్వు, చక్కెరలతో స్విట్జర్లాండులోని ఫౌల్‌హార్న్ కొండ 1956 మీటర్లు ఎక్కారు. మూత్రంలోని నత్రజనిని బట్టి లెక్కగడితే, ఖర్చయిన మాంసకృత్తులు ఆ శ్రమకు చాలనే చాలవని తేలింది.

ఇక 1966 నాటి స్వీడన్ ప్రయోగం చూడండి. బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఒకే వ్యాయామ సైకిలుకు చెరోవైపు కూర్చుని, ఒక్కొక్కరు ఒంటికాలితో అలసిపోయేదాకా తొక్కారు. తొడకండ నుంచి సూదితో ముక్క తీసి చూస్తే, తొక్కిన కాలిలో గ్లైకోజెన్ అడుగంటింది. మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా తిన్నాక ఆ కాలిలో నిల్వ రెండోకాలికి దాదాపు రెట్టింపయింది! తమ కాళ్ళనే ప్రయోగశాల చేసుకున్నారు సుమా.

ఈ గ్లైకోజెన్ కండల్లో సుమారు 400, కాలేయంలో 100 గ్రాములు ఉంటుంది. అంతా కలిపి 2000 కేలరీలు. కొవ్వు కిలోలకొద్దీ ఉన్నా, వేగంగా తొక్కేటప్పుడు దానినుంచి శక్తి తగినంత త్వరగా అందదు. బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ పోయిరావడానికి మీరు పొద్దున తిన్నది సరిపోవచ్చు. అచానక్‌మార్ అడవి దాటి అమరకంటక్ ఘాటు ఎక్కాలంటే సరిపోదు. రక్తంలో చక్కెర పడిపోతే ముందు దెబ్బతినేది మెదడే. కళ్ళు తిరుగుతాయి, ఎదురొచ్చే లారీ దూరం అంచనాకు రాదు. 1986లో కాయిల్ బృందం పరీక్షించిన సైకిలిస్టులు ఏమీ తీసుకోకుండా 3 గంటలు తొక్కగలిగితే, పిండిపదార్థం అందుతుండగా 4 గంటలు తొక్కారు. కాబట్టి ఆకలి వేసేదాకా ఆగకండి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలు. అంటే రెండు అరటిపళ్ళు, లేదా కాస్త బెల్లం.

బయలుదేరేముందు? ఛత్తీస్‌గఢ్ రైతు ఉప్పు, ఉల్లిపాయతో తినే 'బాసి' ఉండనే ఉంది. అది మన చద్దన్నమే. పేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి పోతాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. వాటివెంటే నీరూ పోతుంది. అందుకని ఆ అన్నంలోని నీళ్ళు పారబోయకండి, ఉప్పు మరవకండి.