నాగపాడాలో పుట్టిన చదువు

మన పిల్లలను ఏం చదివిస్తారంటే డాక్టరీ, ఇంజనీరింగు అంటాము. పేదరికం తరతరాలుగా ఎందుకు వదలదో శోధించే చదువు కూడా ఒకటున్నది. మన దేశంలో దానికోసం 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర ఒక కళాశాల వెలిసింది. పెట్టింది మలబారు హిల్ మీద కాదండీ, నాగపాడాలో! కూలీనాలీ జనం, ముస్లిం కుటుంబాలు కిక్కిరిసి బతికే మొహల్లా అది. మొదటి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అమెరికా పాద్రీ. అంతకు ముందునుంచే అక్కడ నైబర్‌హుడ్ హౌస్ నడిపేవారు. అంటే గల్లీ ముందు, క్లాసు తర్వాత. ఈ వరుసే మాకు నచ్చింది. 1944లో అది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది, 1964లో విశ్వవిద్యాలయ హోదా పొందింది.

దీనితో మనకేం పని అంటారా? 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత నూటికి 65 ఉంటే ముస్లింలలో 59 అని 2006లో సచార్ కమిటీ చూపించింది. మన గోడును విని ఊరుకున్నవాళ్లు కూడా ఆ అంకెలను చర్చించక తప్పలేదు. తర్వాత తెలంగాణలో ముస్లింల స్థితిగతులు విచారించిన సుధీర్ కమిషన్‌లో ఆ టాటా సంస్థ ప్రొఫెసరు ఒకరు సభ్యులు. మన స్కాలర్‌షిప్పు అర్జీల్లో మాత్రం ఈ సబ్జెక్టు పేరు ఇంతవరకు మేము చూడలేదు.