పడిగె, గట్టు, పలకరింపు: కోయ సమాజంలో ప్రతీకలు, వ్యక్తి అస్తిత్వం

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలో తల్లాడ దగ్గర ఉండేది మైదానపు వ్యవసాయం. అక్కడి నుంచి కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగేకొద్దీ అడవి, కోయగూడేలు మొదలవుతాయి. ఆ గూడేల్లో వేల్పుల కొలుపు నాడు బయటికి తీసే త్రికోణపు గుడ్డ జెండాను పడిగె అంటారు. దాని మీద వంశ మూలపురుషుల కథ బొమ్మలుగా ఉంటుంది. ఆ బొమ్మలను కొత్తవాడు ఎంతసేపు చూసినా కథ తెలియదు. డోలివారనే గాయకులు పాడుతూ విప్పిచెప్పాలి, ఆ వేల్పుకు చెందినవారు చుట్టూ చేరి వినాలి. అప్పుడే ఆ గుడ్డ ఇలవేల్పు అవుతుంది.

ప్రతీకకు అర్థం వస్తువులో ఉండదని, మనుషులు దానితో కలిసి చేసే పనిలో పుడుతుందని అమెరికన్ తాత్వికుడు జార్జ్ హెర్బర్ట్ మీడ్ (1863–1931) వాదించాడు. ఆయన ఉపన్యాసాలను శిష్యులు 1934లో గ్రంథంగా వెలువరించారు. ఈ ధోరణికి 1937లో హెర్బర్ట్ బ్లూమర్ పెట్టిన పేరే తెలుగులో ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం. ఒక సైగ చేసినవాడిలోనూ చూసినవాడిలోనూ ఒకే స్పందన లేపినప్పుడే అది సార్థక ప్రతీక అని మీడ్ అన్నాడు. ఎదుటివాడి చూపు నుంచి తనను తాను చూసుకోవడం నేర్చుకున్నాకే మనిషికి ‘నేను’ ఏర్పడుతుందనీ అన్నాడు.

కోయల్లో ఈ రెండో మాటకు గట్టు కన్నా మంచి ఉదాహరణ దొరకదు. మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఉన్న విభాగాల్లో ఏదో ఒకదాని కిందికి ప్రతి ఇంటిపేరూ వస్తుంది. ఒకే గట్టువారు అన్నదమ్ముల వరుస. వారి మధ్య పెళ్లి కుదరదు. కొత్తగా కలిసిన ఇద్దరికి గట్టు తెలిస్తే, ఒకరినొకరు అన్న అనాలో బావ అనాలో తేలిపోతుంది. పిల్లవాడు తనెవరో తెలుసుకునేది ఈ పిలుపుల్లోంచే. నలుగురూ తనను ఏ వరుసలో నిలబెట్టారో చూశాకే తన చోటు తనకు తెలుస్తుంది. మనల్ని చూసే సమాజపు ఉమ్మడి చూపునే మీడ్ ‘సామాన్యీకృత ఇతరుడు’ అన్నాడు. ఆ భావన ఇక్కడ గట్టు రూపంలో కనిపిస్తుంది.

ఒక ప్రతీక సొంత సమాజం దాటి ఎక్కువమంది చేతుల్లో పడితే దాని అర్థం విస్తరిస్తుంది. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క–సారలమ్మ జాతర 1996లో రాష్ట్ర పండుగ అయింది. అక్కడ విగ్రహం లేదు. వడ్డెలనే కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి తెచ్చే కుంకుమభరిణెనే సమ్మక్కగా గద్దె మీద నిలుపుతారు. బెల్లం అక్కడ బంగారం. మొక్కుకున్నవారు తమ బరువుకు సరితూగే ‘నిలువెత్తు బంగారం’ సమర్పిస్తారు. అంగడిలో సరుకుగా ఉన్న బెల్లం, మొక్కిన మనిషికి బదులుగా తల్లి ముందు నిలుస్తుంది. కోయ గూడేల వేల్పు ఆరాధన నేడు లక్షలాది కోయేతరుల మొక్కుగానూ మారింది. అయితే వడ్డెలకు కులదైవం, మొక్కుకున్నవారికి వరమిచ్చే తల్లి అన్న తేడా మాత్రం చెరగలేదు.

మీడ్ సిద్ధాంతానికి పెద్ద లోటు ఒకటుంది: అధికారాన్ని అది తక్కువగా పట్టించుకుంటుంది. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1970 నాటి 1/70 చట్టం దృష్టిలో ‘కోయ’ అన్న గుర్తింపు భూమి హక్కుతో ముడిపడింది. గూడెంలో గట్టు, వేల్పు చెబితే చాలు. కార్యాలయంలో కావలసింది ధ్రువపత్రం. అక్కడ అస్తిత్వాన్ని నిర్ణయించేవారు బంధువులు కారు, సంతకం చేసే అధికారి. ముఖాముఖి పలకరింపుల్లో పుట్టే ‘నేను’ గురించి మీడ్ చెప్పినది ఈ దగ్గర సరిపోదు.

పడిగె కథను విప్పేది పాటే కదా. డోలి గాయకుడు సకిని రామచంద్రయ్య అలా ఇలవేల్పుల కథలను కోయ, తెలుగు భాషల్లో పాడేవాడు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన ఈ కంచుమేళం కళాకారుడికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో మరణించాడు. అందుకే పడిగెలను సేకరించే పరిశోధకులు గుడ్డతో పాటు పాటను, పాట వినే గట్టువారి మాటలను కూడా నమోదు చేయాలి. అవి లేకుండా భద్రపరచిన పడిగె పరిశోధనకు సగం ఆధారమే.