పద్దులో లేని వంట

"ఏం కూర?"

చిలకలగూడలో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడితే ముందు వచ్చే మాట ఇదే. కుళాయి దగ్గరైనా, రేషన్ షాపు వరసలోనైనా. మా అమ్మ "ఏం కూర వండినవక్కా?" అనేది. పక్క క్వార్టర్‌లోని బెజవాడ పిన్నిగారు "ఇవాళ ఏం చేశారు వదినగారూ?" అనేవారు. బాగున్నారా అనడానికి బదులు అడిగే మాట కాబట్టి జవాబుని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మర్నాడు మళ్ళీ అదే అడుగుతారు.

ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పాను. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం, 1806లో సికిందర్ జా పేరు పెట్టుకున్న కంటోన్మెంటు, 1874లో వచ్చిన రైలు... మా ఊరి తేదీలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. "ఏం కూర?" అన్నది కూడా చరిత్ర ప్రశ్నేనని మాత్రం 2018లో, నాన్న పోయాక, ఆయన ట్రంకు పెట్టె తెరిచిన రోజుదాకా నాకు తట్టలేదు.

పెట్టె నిండా జమాఖర్చుల పుస్తకాలు. 1966 నుంచి ఆయన రిటైరయిన 1990 దాకా, ఏడాదికొకటి. నాన్న లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేసేవాడు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ చెబుతుంటే ఆయన రాసేవాడు. అమ్మకి అక్షరాలు రావు. లెక్క మాత్రం వేళ్ళ కణుపుల మీద ఉండేది. బియ్యం, జొన్నలు, కందిపప్పు, చింతపండు, మంచినూనె, కిరసనాయిలు. ఒక కుటుంబం పాతికేళ్ళ తిండి అంతా నాన్న ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది. చరిత్ర టీచరుకి ఇంతకంటే ఏం కావాలి! వారం రోజులు ఆ పుస్తకాలు వదల్లేదు.

చదువుతుంటే మొదట కనిపించింది మా లైను క్వార్టర్ల కథ. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. అంతకుముందు మావి నిజాం రైల్వే కాలం నుంచీ ఉన్న కుటుంబాలే ఎక్కువ. ఆ తర్వాత బెజవాడ నుంచి, గుంతకల్లు నుంచి, హుబ్లీ నుంచి బదిలీల మీద వచ్చారు. ఇటు సీతాఫల్‌మండి, అటు ఆలుగడ్డ బావి... మా చుట్టుపక్కల పేర్లే తిండి పేర్లు. ఆ మధ్యలో నాలుగైదు రకాల వంటలు గోడకి గోడ ఆనుకుని కాపురం పెట్టాయి. నాన్న పుస్తకంలో 1967 దాకా మినుముల పద్దు సకినాల పండుగప్పుడు కూడా కనిపించదు. తర్వాత ప్రతి నెలా ఉంటుంది. ఎదురు వరసలోని తమిళ మామి అమ్మకి ఇడ్లీపిండి పులియబెట్టడం నేర్పింది అప్పుడే. అలా ఇడ్లీ మా ఇంటికి బదిలీ మీద వచ్చింది.

పిన్నిగారి దగ్గర మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' ఉండేది. మధ్యాహ్నాలు ఆవిడ పైకి చదివితే అమ్మ వినేది. మా పుంటికూరా వాళ్ళ గోంగూరా ఒకటేనని తెలిసి ఇద్దరూ నవ్వుకున్నది నాకు గుర్తుంది. కానీ పిన్నిగారు వస్తున్న చప్పుడైతే అమ్మ జొన్నరొట్టెల మీద పళ్ళెం బోర్లించేది. అదీ గుర్తుంది. అన్నం తినేవాళ్ళ ముందు రొట్టె తింటున్నామని చెప్పుకోవడం నామోషీ. జనగామ పల్లె నుంచి తెచ్చుకున్న తిండిని పట్నంలో అలా దాచుకుంది.

దాచుకున్నది అమ్మ ఒక్కతే కాదు. లైను చివర స్టేషన్‌లో ఊడ్చే పనిచేసే కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడని ఎవరు "ఏం కూర?" అని అడిగినా "పప్పే" అనేది. ఏళ్ళ తర్వాత వాళ్ళ అమ్మాయి, నా తోటి చదివినదే, నాతో అంది: "మా అమ్మ ఏడాది పొడుగునా పప్పే అని చెప్పేది. రోజూ పప్పు కొనే స్తోమత మాకుందని మీరెట్లా నమ్మారు?" మేం నమ్మలేదు. నమ్మినట్టు ఉన్నాం. తునకల కూర అని ఆవిడ చెబితే మర్నాటి నుంచి కుళాయి దగ్గర తన బిందె ఎక్కడ ఉంటుందో ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. నేను అమాయకమైన పలకరింపు అనుకున్న మాట ఆవిడకి రోజూ రాయవలసిన పరీక్ష.

ఇలా చదువుకుంటూ పోతుంటే పుస్తకాల్లో లేనివి కూడా కనిపించడం మొదలయింది.

వంటచెరకు పద్దునే చూడండి. నెలకి ఇంత కిరసనాయిలు, అప్పుడప్పుడు అడితి నుంచి కట్టెలు. ఆ కాస్తతో ఆరుగురికి రెండు పూటలా వంట అవదు. మిగతాది ఎక్కడిది? ఇంజన్ల బూడిదలోంచి అమ్మా, మేమూ ఏరుకొచ్చిన సగం కాలిన బొగ్గు. అడితిలో ఊరికే ఇచ్చే రంపంపొట్టుని డబ్బాలో దట్టించి, మధ్యలో సీసా నిలబెట్టి తీసి చేసుకునే పొట్టుపొయ్యి. కొనని వస్తువుకి పద్దు ఉండదు కదా! దాన్ని ఏరిన చేతులకీ ఉండదు, పీల్చిన పొగకీ ఉండదు.

పొగ గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. ఈ ఊళ్ళోనే, హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు గొట్టంతో పొగని బయటికి పంపే పొయ్యిని తయారుచేసి, కోట్లాది వంటిళ్ళని పొగ నుంచి తప్పించాలని 1953లో ఇంగ్లీషులో పుస్తకమే వేశారు. ప్రపంచంలో మెరుగైన పొయ్యిల చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ హైదరాబాద్ పొయ్యిని తలుచుకుంటారు. మా వాడలో మాత్రం నేను ఆ పొయ్యిని చూడలేదు. గొట్టం పెట్టాలంటే గోడకి చిల్లు పొడవాలి. గోడ మనది కాదు. దగ్గు మాత్రమే మనది.

ఇక 1974 పుస్తకం. మే 7 దాకా రోజూ పద్దులున్నాయి. తర్వాత మూడు వారాలు తెల్లకాగితాలు.

చరిత్ర చదివినవాళ్ళకి ఆ తేదీ చెప్పక్కర్లేదు. మే 8న రైల్వే సమ్మె మొదలయింది. దేశమంతటా పదిహేడు లక్షల మంది కార్మికులు. మే 27న విరమించారు. దాని మీద పుస్తకాలున్నాయి, నాయకుల జ్ఞాపకాలున్నాయి, అరెస్టుల లెక్కలున్నాయి. నేనే క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. ఆ ఇరవై రోజులూ మేం ఏం తిన్నామో నాకు గుర్తులేదు. నాన్న పుస్తకంలో లేదు.

అమ్మని అడిగాను. ఫోన్లో రికార్డింగు పెట్టి అడిగాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన తరం మాది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల చేత వాళ్ళ కథ వాళ్ళనే చెప్పించవచ్చని ఆ పుస్తకం నేర్పింది. పక్క గదిలో కూచున్న అమ్మని అడగాలని మాత్రం నాకు ముప్ఫై ఏళ్ళకి గానీ తోచలేదు.

"గది గుడ చరిత్రేనా బిడ్డా? పొయ్యి కాడ ఏముంటది?" అంది ముందు. తర్వాత చెప్పింది.

"మీ నాయిన ఇంట్ల లేకపాయె. ఎక్కడ దాసుకున్నడో నాకు తెల్వది. రాసెటోడు లేడు. మరి తినెటోళ్ళు ఉండిరి గద!"

జీతం లేదు. కొట్టువాడు అరువు ఆపేశాడు. మూడో రోజుకే ఎవరింట్లో ఏముందో అందరికీ తెలిసిపోయింది. పిన్నిగారి దగ్గర బియ్యం, మామి దగ్గర కందిపొడి, అమ్మ దగ్గర ఊరి నుంచి వచ్చిన అరబస్తా జొన్నలు. బొగ్గు మిగలాలంటే ఒకటే పొయ్యి వెలిగించాలి. అది మా వాకిట్లో వెలిగింది. పొద్దున అంబలి, మధ్యాహ్నం గట్క, చింతచిగురు, మామిడికాయ తొక్కు. అన్నం పిల్లలకి ఒక్కపూట. బోర్లించిన పళ్ళెం తీసి అమ్మ తన రొట్టెలు పిన్నిగారి పిల్లలకి పెట్టింది. ఒక రాత్రి లైను చివరావిడ గిన్నె మీద మూతపెట్టి కూర తెచ్చిందట.

"ఏం కూర అని నేనడగలే, ఆమె చెప్పలే. మీకందరికి పెట్టిన. నేనూ తిన్న."

రికార్డింగులో ఇక్కడ కొంచెంసేపు ఫాను చప్పుడొక్కటే వినిపిస్తుంది. తర్వాత నేనే అడిగాను, సమ్మె అయిపోయాక ఏమయిందని. "ఏమయితది? ఎవల పొయ్యి వాళ్ళదే. మళ్ళ ఆమె పప్పే అన్నది, మేము ఊకున్నం."

మా లైనులో సమ్మె జరిగినట్టు నిజంగా తెలిసింది నాకా రోజే. మగవాళ్ళు రైళ్ళు ఆపినప్పుడు ఆడవాళ్ళు వంట ఆపలేదు. ఆపి ఉంటే సమ్మె మూడో రోజే ఆగేది. ఆ మూడు వారాల్లో వాళ్ళు కులాన్ని కూడా కాసేపు పక్కన పెట్టారు. దాన్ని నిలుపుకోలేకపోయారు. ఈ రెండూ చరిత్రలోకి రావలసినవే. నాన్న మే 29న మళ్ళీ కలం పట్టి, "బియ్యం" అని మొదలుపెట్టాడు.

తర్వాతి పుస్తకాల్లో ఉన్నదంతా అమ్మకి "సుఖం" వచ్చిన కథ. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం తెచ్చింది. రెండేళ్ళలో మా పుస్తకంలోంచి జొన్నలు మాయమయ్యాయి. ఇప్పుడు దాన్ని తలుచుకుని బాధపడేవాళ్ళని చూస్తే నాకు అమ్మ చేతులు గుర్తొస్తాయి. విసరడం, జల్లించడం, వేడినీళ్ళ పిండిని పిసికి, పొగలో కూచుని ఒక్కొక్క రొట్టె కొట్టడం. బియ్యం రాగానే అమ్మ ఊపిరి పీల్చుకుంది. నేలలకీ ఒంటికీ జరిగిన నష్టం నిజమే. ఆ నష్టాన్ని లెక్కవేసేటప్పుడు ఈ చేతుల్ని కూడా లెక్కలో వేయాలి.

ఆ తర్వాత కుక్కరు, మిక్సీ, 1985లో గ్యాసు. అదే రోజుల్లో, 1983లో, అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ ఒక పుస్తకం రాసింది. ఇంటి యంత్రాలు వచ్చినకొద్దీ అమ్మల పని తగ్గకపోగా ఎలా పెరిగిందో చూపించింది. మా ఇంటి సాక్ష్యమూ అదే. కుంపటి రోజుల్లో పొద్దున వండిందే రాత్రికీ. గ్యాసు వచ్చాక నాన్నకి వేడివేడిగా టిఫిను, డబ్బాలోకి వేరే కూర, రాత్రికి మళ్ళీ చారు. పొగ పోయింది, పూటలు పెరిగాయి. ఊళ్ళలో, బస్తీల్లో చాలామంది ఆడవాళ్ళకి ఆ పొగ పోవడానికి ఇంకా పదిహేనేళ్ళు పట్టింది. పొదుపు సంఘాల వాళ్ళకి దీపం పథకం కింద గ్యాసు ఇవ్వడం 1999లో మొదలయింది.

మరి ఇప్పుడు? ఈ మధ్య మా వీధిలో ఏం వండుకుంటున్నారో ఒక వారం పాటు అడిగాను. మా అపార్టుమెంటులో కొర్రన్నం, రాగి దోసె, ఎయిర్ ఫ్రయర్‌లో వంకాయ. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అందరి అల్మరాల్లో అండుకొర్రలు చేరాయి. వాటిని రాత్రే నానబెట్టాలని గుర్తుపెట్టుకునేది ఎవరని అడిగితే ప్రతి ఇంట్లోనూ ఒకే జవాబు వచ్చింది. కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకునే అమ్మాయి ఆ మాట గొంతు తగ్గించి చెప్పింది, ఒకప్పుడు అమ్మ జొన్నరొట్టెని దాచినట్టే.

ఆ జొన్నరొట్టె ఇప్పుడు మా వీధి మలుపులో సాయంత్రాలు బండి మీద దొరుకుతుంది. షుగరున్నవాళ్ళు వరసకట్టి కొంటారు. రొట్టెలు కొట్టేది పాలమూరు నుంచి వచ్చినామె. "మీ ఇంట్లో ఏం కూర?" అని అడిగాను. "ఇంట్ల రేషన్ సన్నబియ్యమే అమ్మా. గీడ రెండొందల రొట్టెలు కొట్టి, ఇంటికి పోయి మళ్ళ ఎవలు కొడ్తరు?" అని నవ్వింది. రేషన్‌లో సన్నబియ్యం 2025 ఉగాది నుంచి వస్తోంది. ఆమె మాటల్లో నన్ను ఆపినది "ఎవలు" అన్న ముక్క. ఇంట్లో ఇద్దరు పెద్ద కొడుకులున్నారు.

ఈమధ్య దేశం కూడా ఒక జమాఖర్చుల పుస్తకం రాయడం మొదలుపెట్టింది. 2019 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వాటికే పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 97. 2024లో ఆడవాళ్ళవి 289 అయ్యాయి. పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపు పక్క గడి చూశాను. మగవాళ్ళవి 88. వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! యంత్రాలు, కర్రీ పాయింట్లు, ఫోన్లో తెప్పించుకునే బిర్యానీలు కొంత పనిని ఇంట్లోంచి బయటికి తీసుకుపోయి ఉండొచ్చు. ఇంట్లో మిగిలిన పని మాత్రం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారలేదు. విమల 'వంటిల్లు' కవిత చదివి ఉడికిపోయిన మా తరం, మిక్సీ కొన్నాక ఆ మాట మరిచిపోయిందేమో అనిపిస్తుంది.

అమ్మ 2021లో పోయింది. ఆ రికార్డింగుని నేనే కూచుని రాశాను. రాసిన కాగితాల్ని 1974 పుస్తకంలో, మే 7కీ మే 29కీ మధ్య పెట్టాను. పైన అమ్మ పేరు రాశాను. ఇరవై ఐదు పుస్తకాల్లో ఆమె పేరు రావడం అదే మొదటిసారి.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. తీసి చూడండి. ఖాళీ పేజీలు వచ్చినచోట ఆగి, ఇంకా అడగగలిగిన వాళ్ళుంటే అడగండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఆ రోజు ఏం కూరో అడగండి. ఎవరు వండారో కూడా.