చీనావారి చిక్కుడు జున్ను



ఆవు గాని గేదె గాని యీనిన యింట మొదటి రెండు మూడు దినములు జున్నుపాలు లభించును. వానిలో బెల్లమును, మిరియాల పొడిని చేర్చి యావిరిపై నుడికించి, గట్టిపడిన జున్నును ఇరుగుపొరుగులకు పంచిపెట్టుట మన పల్లెలలో వాడుక. పాడి లేని యింటి పిల్లలు జున్ను కొఱకు పొరుగింటి పశువు ఈనువఱకు వేచియుండవలసినదే. ఇక, ఊరూరనే పాడి యరుదైన దేశమున జనులు జున్నువంటి పదార్థము నెట్లు సంపాదించుకొందురు? చీనా దేశపు సామాన్య కర్షకులు దానిని చిక్కుడు గింజలనుండి సంపాదించుకొనిరి. ఆ వృత్తాంతమును నేడు మీకు విన్నవించెదను.

సోయా చిక్కుడు చీనా ఉత్తర భాగమున వేల సంవత్సరములనుండి సాగులో నున్న పైరు. దాని గింజలో నూటికి 36 మొదలు 40 పాళ్లు మాంసకృత్తులును, సుమారు 20 పాళ్లు నూనెయు గలవు. మన కందిపప్పులో మాంసకృత్తులు నూటికి సుమారు 22 పాళ్లు మాత్రమే. ఇంత సారవంతమైన గింజకును రెండు దోషములున్నవి. పప్పువలె త్వరగా మెత్తబడదు. చక్కగా నుడుకనిచో అరుగదు. పచ్చిగింజలోని కొన్ని పదార్థములు జీర్ణశక్తి నడ్డగించును. ఈ దోషములను తొలగించుకొనుటకై చీనావారు కనిపెట్టిన యుపాయములలో మిక్కిలి గొప్పది గింజనుండి పాలు తీయుట.

గింజలను రాత్రి నానవైచి, మఱునాడు నీటితో మెత్తగా విసరి, గుడ్డలో వడియగట్టుదురు. వచ్చిన పాలను బాగుగ కాచి, జిప్సమను మెత్తని రాతిని కాల్చి నూరిన పొడిని కొంచెము నీటిలో కలిపి చేర్చినచో పాలు పేరుకొనును. ఉప్పుమళ్లలో ఉప్పు తీయగా మిగిలెడి చేదునీరును ఈ పనికి వచ్చును. పేరుకొన్నదానిని గుడ్డలో మూటగట్టి, బరువు పెట్టి, నీరు పిండినచో గట్టి ముద్దయగును. దానినే చీనావారు దౌఫు అనియు, జపానువారు తోఫు అనియు వ్యవహరింతురు. నీరు పిండక, తోడు పెట్టిన పెరుగువలె కదలింపక యుంచినచో గరిటెతో తీయగనే వణకెడి మెత్తని జున్ను సిద్ధమగును. దీనికి దౌహ్వా అని పేరు. చిక్కుడు పువ్వు అని దాని యర్థము.

దీనిని మొదట కనిపెట్టినవారెవరు? హ్వైనాన్ సంస్థానాధీశుడును, క్రీ. పూ. 179 మొదలు 122 వఱకు జీవించినవాడునగు ల్యూ ఆన్ అను రాజే కనిపెట్టెనని చీనాలో ప్రతీతి. 1596లో అచ్చుపడిన లీ షిజెన్ పండితుని ఔషధ గ్రంథమును ఈ మాటనే చెప్పుచున్నది. కాని యా రాజు కాలపు వ్రాతలలో దీని ప్రసక్తి కానరాదు. స్పష్టమైన మొదటి ప్రస్తావన క్రీ. శ. 10వ శతాబ్దిలో థావ్ గూ అను నతడు కూర్చిన గ్రంథమున నున్నది. అందలి సంగతి మనోహరమైనది. చింగ్‌యాంగ్ అను చోట ఒక చిన్న యధికారి మితవ్యయము నవలంబించి, మాంసము మాని, ప్రతిదినమును అంగడినుండి కొన్ని దౌఫు ముక్కలను మాత్రము తెప్పించుకొనెడివాడట. అది చూచి ఆ యూరివారు దౌఫును గొఱ్ఱెమాంసముతో పోల్చి ముద్దుపేరు పెట్టిరట. ప్రతీతి కీర్తిని రాజునకు కట్టబెట్టినది. లిఖితమైన సాక్ష్యము మాత్రము అంగడివీథిలో చవుకగా దొరకు నాహారమును చూపుచున్నది. పాలు పేరబెట్టు విద్యను చీనావారు ఉత్తరపు పశుపాలకులను చూచి నేర్చి, దానిని చిక్కుడు పాలకు వర్తింపజేసిరేమోయని కొందఱు పండితులు ఊహించిరి.

ఈ చిక్కుడు పువ్వును తినుటలో చీనాలోనే రెండు మతములున్నవి. ఉత్తరాదివారు ఉప్పుగల పులుసుతో తిందురు. దక్షిణమున గ్వాంగ్‌డాంగ్, ఫూజ్యెన్ సీమలవారు పంచదార పాకముతోను, అల్లపు రసముతోను తిందురు. ఆ దక్షిణ సీమలు చెఱకు పండు నేలలు. అల్లపు ఘాటు చిక్కుడు వాసనను కప్పిపుచ్చును. పాకము చప్పదనమును పోగొట్టును. జున్నులో మనవారు మిరియాల పొడి చల్లుట ఎఱిగినవారికి ఈ కూర్పులోని యౌచిత్యమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ దక్షిణాది జనులే కూలికిని, వర్తకమునకును ఓడలెక్కి తూర్పు ద్వీపములకు పోయిరి. వారితోడ తిరుగలియు, కావడియు, ఈ తీపియు పోయినవి. స్పెయినువారు 1571లో మనీలా పట్టణమును వశపఱచుకొన్న పిమ్మట అచట ఫూజ్యెన్ వర్తకులును, పనివారును మిక్కుటముగ స్థిరపడిరి. నేటికిని ఫిలిప్పైను ద్వీపములలో ఉదయముననే తహో యని కేకవేయుచు అమ్మువారు వత్తురు. మన కావడి వంటి బద్దకు రెండు వైపుల రెండు లోహపు పాత్రలు వ్రేలాడుచుండును. ఒకదానిలో వేడి చిక్కుడు జున్ను, రెండవదానిలో ముదురు బెల్లపు పాకమును, సగ్గుబియ్యమును. పిల్లలును, పనికి పోవువారును నిలువబడియే త్రాగి పోవుదురు. ఇండోనీషియా, వియత్నాము దేశములలో అల్లపు పాకముతోను, మలేషియాలో కొబ్బరిచెట్టు కల్లునుండి కాచిన బెల్లపు పాకముతోను దీనిని తిందురు. వెనుకటి తరములలో తోటల పనికై మలయాకు పోయిన మన తెలుగువారి సంతతి నేడు మలేషియాలో గలదు. వారు నివసించు పట్టణముల వీథులలోను ఈ తీపి అమ్మబడుచున్నది.

నవరెతె యను స్పెయిను దేశపు క్రైస్తవ సన్న్యాసి మొదట మనీలాలోను, పిదప చీనాలోను నివసించి, 1676లో మాడ్రిడ్ నగరమున ఒక గ్రంథమును ప్రకటించెను. చక్రవర్తి మొదలు కడు పేదవాని వఱకు చీనాలో అందఱును తిను చవుక భోజనము ఈ చిక్కుడు ముద్దయేయని అతడు వ్రాసెను.

జపానువారు ఈ గింజను మఱియొక విధముగను తీపిలో చేర్చిరి. మనము సున్నుండలకు మినుములను వేయించి విసరినట్లు వారు సోయా గింజలను వేయించి పిండి చేసి, పంచదార కలిపి, దంచిన బియ్యపు ముద్దలపై నద్దుదురు. ఈ పిండికి కినాకో యని పేరు. ఒసాకా నగరమున 1782లోనే నూఱు విధములగు తోఫు వంటకములను తెలుపు పుస్తకము వెలువడినదనగా వారి యభిమాన మెంతటిదో తెలియనగును.

ఈ పదార్థము పాడి సమృద్ధిగల అమెరికా దేశమునకు పోయినపుడును పాలకు బదులుగనే యుపకరించెను. యూదుల మతధర్మము ననుసరించి మాంసముతో కూడిన భోజనమున పాలపదార్థము కూడదు. న్యూయార్కు నగరమున భోజనశాల నడుపుచుండిన డేవిడ్ మింట్జ్ అను యూదుడు అట్టి భోజనానంతరము వడ్డింపదగిన తీపికై ప్రయత్నించి, పాలు లేని సోయా ఐస్‌క్రీమును తయారుచేసి, 1980వ దశకారంభమున టోఫుట్టీ అను పేర వ్యాపింపజేసెను.

మన దేశ సంగతి యేమి? గాంధీ మహాత్ముడు 1935లో వార్ధాలోని మగన్‌వాడిలో ఈ గింజలను ఆశ్రమవాసుల భోజనమున చేర్చి పరీక్షించి, హరిజన్ పత్రికలో వానిని గూర్చి వ్రాసెను. పేదవానికి తక్కువ వ్యయముతో బలమైన తిండి దొరకవలెనని ఆయన తపన. 1960వ దశకము చివరనుండి మధ్యభారతమున సోయా సాగు విస్తరించెను. నేడు మన ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతములలోను రైతులు దీనిని పండించుచున్నారు. అయితే పంటలో అధికభాగము నూనె మిల్లులకు పోవుచున్నది; నూనె తీసిన పిండి కోళ్ల మేతకు పోవుచున్నది. పండించిన రైతు వంటింట ఆ గింజతో చేసిన తీపి యరుదు.

మన జున్నును మానుడని నేను చెప్పరాలేదు. పాడి గలవారు దానిని పంచుకొందురు గాక. కాని పాడి లేని యిండ్లు మన యూళ్లలో నేడును గలవు. తమ చేలో సోయా పండుచుండగా పిల్లలకు పాలు కొనలేని వారును గలరు. అట్టివారు ఒక సోలెడు గింజలను నానవైచి పాలు తీసి, వానిని బాగుగ మరగించి, బెల్లమును, అల్లమును చేర్చి పిల్లలకు పోయవచ్చును. మరగించుట మాత్రము మఱువరాదు; పచ్చిపాలు కీడు చేయును. తమ పెరటిలో పాడి లేదని చింతింపక చేలోని గింజనే పాడిగ చేసికొన్న చీనా కర్షకుని నేర్పు మనకు నుపయోగింపకపోదు.