కళాశాల గ్రంథాలయము – చరిత్ర పరిశోధన

చరిత్ర చదువు విద్యార్థులు తఱచుగా నన్నొక ప్రశ్న యడుగుచుందురు. “మాస్టారూ, వ్యాసము వ్రాయుమన్నారు. గ్రంథాలయములో వేలకొలది పుస్తకము లున్నవి. ఎచ్చట మొదలుపెట్టవలెను?” అని. సూత్రములు వల్లించుటకంటె నొక యుదాహరణము చెప్పుట మేలని నా యభిప్రాయము. శ్రోతలారా, కాకతీయ రుద్రమదేవి విషయమునే తీసికొందము.

రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె యని నేడు బడిపిల్లవాడైనను చెప్పును. కాని యా మాట మనకెట్లు తెలిసినది? పాఠ్యపుస్తకములో నున్నదనుట సమాధానము కాదు. పాఠ్యపుస్తకము వ్రాసినవాడు దాని నెచ్చటనో చూచి యుండవలెను గదా. ఆ యెచ్చటనో యను చోటికి మనము గూడ నడచి పోవుటయే పరిశోధన. దానికి దారి చూపునది పుట యడుగున చిన్న యక్షరములతో నుండు సూచిక. విద్యార్థులు చదువక విడిచిపెట్టు భాగ మదియే. చరిత్రకారుడు మొట్టమొదట చూడవలసిన భాగమును అదియే.

మన కళాశాలలలో పుస్తకములను పెక్కుచోట్ల డ్యూయీ పద్ధతి ననుసరించి సర్దుదురు. హిందూదేశ చరిత్రకు 954 సంఖ్య. విద్యార్థి యా బీరువా యొద్దకు పోయి, రెండు మూడు పుస్తకములు తిరుగవేసి, పని ముగిసినదనుకొనును. కాని రుద్రమను గూర్చిన సాక్ష్యము లన్నియు నా బీరువాలో లేవు. ఇటలీదేశపు యాత్రికుడు మార్కో పోలో గ్రంథము యాత్రల వరుసలో 915 సంఖ్యక్రింద నుండును. విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయ మలంకారశాస్త్రము గనుక సంస్కృత సాహిత్యముతో 891.2 క్రింద నుండును. శాసన సంపుటములా, ఇంటికి తీసికొనిపోరాని పెద్ద పుస్తకముల గదిలో, చాలచోట్ల దుమ్ముపట్టి యుండును. ఒక్క ప్రశ్నకు సాక్షులు మూడు గదులలో నున్నారు. కాబట్టి బీరువాకంటె ముందు పుస్తకముల పట్టికను చూడవలెను. దానికంటె ముందు గ్రంథాలయాధికారి నడుగవలెను. అడుగుట సిగ్గు కాదు.

ఇప్పుడు సాక్షులను విచారింతము. మార్కో పోలో 13వ శతాబ్దపు చివర మన తీరమును గూర్చి వ్రాసెను. మోటుపల్లిని అతడు ముత్ఫిలి యనెను. అచ్చటి వజ్రములను, సాలెగూటివలె సన్నని వస్త్రములను కొనియాడెను. దేశము నేలునది యొక రాణి యనియు, భర్త మరణించిన పిదప నలువది యేండ్లుగా న్యాయముతో పాలించుచున్నదనియు చెప్పెను. రాణి పాలించెననుట నిజమే. కాని మృతుడైన రాజు ఆమె భర్త యనుట సరియా?

రెండవ సాక్షిని పిలుతము. నేటి గుంటూరు జిల్లాలోని మల్కాపురమున శక వర్షము 1183లో వేయించిన శాసన మొకటి కలదు. 78 కలిపినచో క్రీస్తుశకము 1261 అగును. విశ్వేశ్వర శివాచార్యునకు మందడము, వెలగపూడి గ్రామములను ధారపోసిన సంగతి యందున్నది. ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడుపుటకు చేసిన యేర్పాట్లు గూడ నందు చెప్పబడినవి. ఆ శాసనము రుద్రమను గణపతిదేవుని కుమార్తెగా పేర్కొనుచున్నది. ఇది ఆమె కాలమున, ఆమె రాజ్యములోనే చెక్కిన మాట. విద్యానాథుడును గణపతి తన కూతునే కొడుకుగా నెంచి రుద్రుడని పేరిడెనని చెప్పెను. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడైన వీరభద్రుడు. ఇక యాత్రికుని నలువది యేండ్ల లెక్క యెట్లున్నది? 1290 ప్రాంతమునుండి నలువది యేండ్లు వెనుకకు పోయినచో గణపతిదేవు డింకను సింహాసనముపై నున్నాడు! పరదేశి రేవులో విన్న మాట వ్రాసెను, అబద్ధమాడవలెనని కాదు.

ఇది యెవరి కూతురో, యెవరి భార్యయో యను స్వల్పవిషయ మనుకొనరాదు. భార్య యనుకొన్నచో ఆమె చనిపోయిన భర్త రాజ్యమును కాపాడిన వితంతువు. కూతురని తెలిసినచో, ఒక మహారాజు తెలిసి తెలిసి ఆడబిడ్డను వారసురాలిగా నిలిపెననియు, ఆమె తన హక్కున రుద్రదేవ మహారాజను పేరుతో నేలెననియు తేలును. ఒక్క సూచికను వెదకకపోవుటచే ఆమె జీవిత మంతయు తారుమారగును.

మఱియొక జాగ్రత్త. పుస్తక మెప్పుడచ్చయినదో మొదటి పుట వెనుక చూడవలెను. పాత చరిత్రలలో రుద్రమ 1295 వఱకో 1296 వఱకో పాలించెనని యుండును. ఆ గ్రంథకర్తలు పండితులే. కాని నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము వారి చేతికి రాలేదు. 1289 నవంబరు నాటి యా శాసనములో పువ్వుల ముమ్మడి యను సేవకుడు, శివలోకమున కేగిన రుద్రమదేవికిని, మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా దాన మిచ్చెను. కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధములో ఆమె మరణించి యుండునని పండితు లూహించినారు. ఆ యూహ బలమైనదే. కాని యుద్ధమును, అంబదేవుని పేరును శాసనములో లేవు. శాసన మన్నది వేఱు, మన మనుకొన్నది వేఱు. రెండింటిని నోటుపుస్తకములో వేఱువేఱుగా వ్రాసికొనవలెను. ప్రక్కనే సంపుటము, పుట, అచ్చయిన సంవత్సరము వెంటనే గుర్తింపవలెను. “తరువాత వ్రాసికొందము” అన్న పుట మరల దొరకదు.

శాసనమైనను దైవవాక్యము కాదు. దానమిచ్చిన తేదీని, ఊరిపేరును నమ్మవచ్చును. రాజు సమస్త భూమండలము జయించెనను స్తోత్రమును నమ్మరాదు. ఎవడు, ఎప్పుడు, ఎవరి మెప్పుకొఱకు పలికెనో యని ప్రతి సాక్షినడుగవలెను.

మీ కళాశాలలో అన్ని సంపుటములు లేకపోవచ్చును. 1948లో వెలువడిన దక్షిణహిందూ శాసనముల పదవ సంపుటము పూర్తిగా తెలుగు శాసనములకే యేర్పడినది. 1935లో హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధక మండలివారు ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించిరి. ఈ రెండైనను తెప్పింపుడని యధికారులను కోరుడు. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనమువంటి పాత గ్రంథాలయములను దర్శింపుడు. నేడు పెక్కు సంపుటములు కంప్యూటరు తెరపై గూడ దొరకుచున్నవి, సంతోషమే. కాని తెర మీరడిగిన మాటనే చూపును. బీరువా మీరడుగని ప్రక్క పుస్తకమును గూడ చూపును. అనేక పరిశోధనలకు ప్రారంభ మా ప్రక్క పుస్తకమే.

వ్యాసమునకు పెద్ద విషయము వెదకుచు దినములు గడపకుడు. మీ పాఠ్యపుస్తకములో నమ్మకముగా వ్రాసిన యొక్క వాక్యము నెన్నుకొని, అది పుట్టిన చోటి వఱకు పోయి చూడుడు. మీ యూరి గుడిలోని ఱాయి ఏ సంపుటములో నెక్కినదో చూచినను చాలును. అది యింకను దేనిలోను ఎక్కియుండనిచో, మీ పని అచ్చటనే ఉన్నది.